ఎవరి హస్తవాసి?

"ఆ సారు హస్తవాసి మంచిదబ్బా!"

అనంతపురంలో ఏ ఆసుపత్రి వరండాలో కూచున్నా ఈ మాట చెవిన పడుతుంది. డాక్టరుకు అంతకన్నా పెద్ద బిరుదు మా సీమలో లేదు. గోడకు వేలాడే పట్టాలో ఏం రాసుందో చదివేవాళ్లు తక్కువ. ఆయన చేతిమీదుగా పోయిన రోగుల్లో ఎంతమంది లేచి తిరుగుతున్నారో మాత్రం ఊరందరికీ తెలుసు. ఫీజు ఎక్కువైనా, మాట కటువైనా, హస్తవాసి ఉందంటే చాలు, అప్పు చేసైనా పోతారు. లేదనుకుంటే "పాపం, మంచోడే గానీ..." అని ఊరుకుంటారు. ఆ "గానీ" తర్వాత వాక్యాన్ని ఎవరూ పూర్తిచేయరు.

మెచ్చుకోలే అయినా ఇందులో ఒక పితలాటకం ఉంది. రోగి బాగుపడితే పుణ్యం చేతిది. ఆ చేతి వెనకున్న చదువుకు, నిద్ర లేని రాత్రులకు, ఏళ్ల తరబడి చేసిన సాధనకు అందులో వాటా లేదు. హస్తవాసి నేర్చుకుంటే వచ్చేది కాదు. పుట్టుకతో రావాలి, లేదా దేవుడివ్వాలి. చెయ్యి తిరిగినవాడంటే పని నేర్చినవాడు. హస్తవాసి గలవాడంటే అదృష్టం చేతిలో ఉన్నవాడు. తెలుగు ఈ రెండింటినీ వేరువేరుగానే ఉంచింది. సర్జన్‌కు మొదటిది లేకపోతే పని నడవదు, రోగి మాత్రం రెండోదాన్నే వెతుక్కుంటూ వస్తాడు.

వైద్యానికే పరిమితమైన నమ్మకం కాదిది. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలోకి విత్తనం వదిలే ఆడమనిషి చేతిని ఊరు గుర్తుపెట్టుకుంటుంది. పిడికిట్లోంచి గింజ ఒకే తీరుగా జారాలి, ఎక్కడ తడబడినా సాలులో సందు పడుతుంది. పదును ఆరేలోగా చేను ముగియాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. ఆ వానైనా రావలసిన రోజున రాదు. రెండోసారి విత్తే అవకాశం ఎప్పుడోగాని దొరకదు కనుక "ఆయమ్మ చెయ్యి మంచిది" అని పక్కూరి నుంచైనా పిలిపించుకుంటారు. బోరు పాయింటు చూసే మనిషికీ ఇదే కొలత. అరచేతిలో టెంకాయ లేచి నిలబడితే కింద నీళ్లున్నట్టు. నాలుగు బోర్లు పడితే పేరు ఆయన చేతికి, ఫెయిలైన బోర్ల అప్పు రైతుకు. అసలు ఇక్కడి మెట్ట రైతుకు హస్త అనగానే ముందు కార్తె గుర్తొస్తుంది, తర్వాతే చెయ్యి. సెప్టెంబరు ఆఖర్లో వచ్చే ఆ కార్తెలో నాలుగు చినుకులు పడితేనే శనక్కాయలో గింజ గట్టిపడేది.

ఇప్పుడు మాటను విప్పుదాం. హస్తం సంస్కృతం, అందులో వాదం లేదు. పేచీ అంతా వాసి దగ్గరే. పండితుల చెవికి అది వసించడంలా వినబడుతుంది: కాశీవాసి, వనవాసి, హస్తవాసి. చేతిలో ధన్వంతరి కాపురమున్నాడనో, లక్ష్మి కాపురమున్నదనో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రయోగం ఒప్పుకోదు. కాశీవాసి అంటే కాశీలో ఉండే మనిషి. ఆ లెక్కన హస్తవాసి అంటే చేతిలో ఉండే మనిషి కావాలి. మనం "ఆయన హస్తవాసి మంచిది" అంటాం గానీ "ఆయన హస్తవాసి" అనం. అది మనిషిని చెప్పే మాట కాదు, చేతికున్న గుణాన్ని చెప్పే మాట. అందుకే ఇది అచ్చంగా మన వాసి అని నా మొగ్గు. రాశికన్నా వాసి అనేటప్పటి వాసి, వాసికెక్కడంలోని వాసి. సంస్కృతం పక్కన తెలుగు వచ్చి కూచున్న మిశ్రసమాసం.

ఈ వాసికి నాణ్యమని, పేరుప్రతిష్ఠలని, రెండిటి మధ్య తేడా అని, ఆ తేడాలో మేలైన వైపు అని అర్థాలున్నాయి. "నిన్నటికంటే వాసి" అంటే నిన్నటికంటే నయం. రోగి మంచం పక్కన పనికొచ్చేది ఈ చివరి అర్థమే. మడకశిర దాటి పావగడ వైపు పోతే కన్నడంలో ఆ అర్థం మరింత గట్టిపడింది. అక్కడ వాసి అంటే జబ్బు నయం కావడమే. "వాసి ఆయ్తా?" అంటే తగ్గిందా అని. పాత అనంతపురం జిల్లాలోని రాయదుర్గం, మడకశిర పల్లెల్లో రెండు భాషలూ ఒకే ఇంట్లో తిరుగుతాయి. అక్కడివాళ్లకు తెలుగు హస్తవాసిలో కన్నడ వాసి వినబడటానికి నిఘంటువు తెరవనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, వాసిని అంత భద్రంగా దాచుకున్న కన్నడిగులు డాక్టరు చేతికి ఆ మాట వాడరు. కైగుణ అంటారు. తమిళులు కైరాసి అంటారు, అంటే చేతికున్న రాశి, జాతకంలోని రాశి. రాశీ వాసీ జంటగా తిరిగే భాష మనది. ఆ జంటలో ఒకటి తమిళుల చేతికి పోయింది, రెండోది మన చేతిలో మిగిలింది. కదిరి, హిందూపురం ముస్లిముల ఇళ్లలోనైతే చేతిలో షిఫా ఉందంటారు. అది అరబ్బీ మాట, స్వస్థత అని అర్థం. కైరాసి ఉన్నదంతా జాతకం మీద వేస్తుంది, షిఫా దేవుడి మీద వేస్తుంది. మన వాసి గడుసుది. ఫలితం చెబుతుంది, కారణం అడిగితే పలకదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. కన్నడ తమిళాల్లో చెయ్యి కై. మన దగ్గర మొదటి క కాస్తా చ అయింది, కన్నడ కివి మన చెవి అయినట్టే. దాంతో చేయి, చేయు పక్కపక్కకు చేరాయి. "నా చేత కాదు" అన్నప్పుడు మనం సామర్థ్యం మొత్తాన్నీ చేతి మీద నిలబెడుతున్నాం. చేతకానితనం అనే తిట్టు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

గ్రీకులు సర్జన్‌కు పెట్టిన పేరూ చేతి మీదనే నిలబడింది. కీర్ అంటే చెయ్యి, ఎర్గోన్ అంటే పని. చేతిపనివాడు. లాటిన్, ఫ్రెంచి నోళ్లలో అరిగి అరిగి ఇంగ్లీషులో సర్జన్ అయ్యేసరికి లోపలి చెయ్యి కనబడకుండా పోయింది. చేతిపనివాడు గనుకనే ఇంగ్లండులో చాలాకాలం అతన్ని వైద్యుడి పక్కన కూచోనివ్వలేదు. 1540 నుంచి 1745 దాకా లండన్‌లో మంగళ్లకూ సర్జన్లకూ ఒకటే సంఘం. ఇప్పటికీ అక్కడ సర్జన్‌ను డాక్టర్ అనరు, మిస్టర్ అంటారు. ఒకనాటి చిన్నచూపే ఇప్పుడు దర్జా. మన పల్లెల్లోనూ గడ్డ కోసి చీము తీసినవాడు మంగలి, పురుడు పోసింది మంత్రసాని. వాళ్ల చేతులకు హస్తవాసి ఉందనేవాళ్లు, పీట మాత్రం వేసేవాళ్లు కారు. సుశ్రుతుడు నయం. 101 యంత్రాలు లెక్కపెట్టి, అన్నిట్లోకీ ముఖ్యమైన యంత్రం చెయ్యేనన్నాడు. తర్వాత మనం శస్త్రచికిత్స అనే మాట తెచ్చుకుని చేతిని వెనక్కి నెట్టి కత్తిని ముందు పెట్టుకున్నాం. పల్లె నోటికి ఆ మాట ఎన్నడూ ఎక్కలేదు. అక్కడ ఆపరేషనే, కోతే.

ఈ పదాన్ని ఒక మనిషి బతుకు పక్కన పెట్టి చూస్తే దాని అర్థం కాస్త జరుగుతుంది. ఆ మనిషి పాల్ బ్రాండ్, వేలూరులో పనిచేసిన బ్రిటిష్ సర్జన్. ఆయన చేతులతో పనిచేసింది చేతుల మీదనే.

అనంతపురం నుంచి పెద్ద జబ్బుకు పోయే దారి ఒకప్పుడు రాయవేలూరు. 1991లో పుట్టపర్తిలో పెద్దాసుపత్రి రాకముందు, తర్వాత బత్తలపల్లి ఆసుపత్రి రాకముందు, ధర్మవరంలో మీటరు గేజి రైలెక్కి, కదిరి, మదనపల్లె రోడ్డు, పీలేరు మీదుగా పాకాలలో దిగి, అక్కడి నుంచి కాట్పాడి పోవాలి. క్షయ అయితే దారిలోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం. ఇంకేదైనా అయితే రాయవేలూరు. ఉత్త వేలూరు అంటే మన నోటికి చాలదు, రాయ చేర్చాల్సిందే. 1900లో ఐడా స్కడ్డర్ అనే అమెరికన్ డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆసుపత్రి అది. వేలూరు ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాలో 1911 దాకా చిత్తూరు కూడా కలిసే ఉండేది. ఆ ఆసుపత్రి వార్డుల్లో తెలుగు పరాయి భాషగా ఎన్నడూ లేదు.

బ్రాండ్ 1914 జులై 17న సేలం వైపున ఉన్న కొల్లిమలలో పుట్టాడు. తల్లిదండ్రులు జెస్సీ, ఎవెలిన్ ఆ కొండల్లో కాపురం పెట్టిన మిషనరీలు. తొమ్మిదో ఏట పిల్లవాణ్ణి చదువుకు ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి మలేరియా ముదిరిన జ్వరంతో ఆ కొండల్లోనే పోయాడు. తండ్రి పుళ్లు కడుగుతుంటే చూసి రోసిన పిల్లవాడికి డాక్టరు చదువంటే గిట్టలేదు. ఇళ్లు కట్టే పనిలో చేరాడు. వడ్రంగం, తాపీ పని కొన్నేళ్లు శ్రద్ధగా నేర్చుకున్నాడు. మిషనరీగా పోయేవాడికి కాస్త వైద్యం తెలియాలని ఒక చిన్న కోర్సులో చేరాక మనసు తిరిగింది. లండన్ యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రిలో వైద్యం చదివాడు. తోటి విద్యార్థిని మార్గరెట్ బెర్రీని 1943లో పెళ్లాడాడు. ఆమె తర్వాత వేలూరులో కంటి డాక్టరమ్మగా పేరు తెచ్చుకుంది. యుద్ధకాలంలో జర్మన్ బాంబులకు గాయపడ్డ లండన్ జనానికి ఆపరేషన్లు చేస్తూ ఆయన చెయ్యి తిరిగింది. 1946లో వేలూరు చేరాడు.

వడ్రంగం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. జీవితచరిత్రకారులు దాన్ని దారి తప్పిన ఏళ్లుగా రాస్తారు. నాకలా అనిపించదు. చెక్క తీరును బట్టి ఉలి నడవాలని, బలం ఎక్కడ మోపితే ఎక్కడ లాగుతుందో ముందే చూసుకోవాలని నేర్పింది ఆ పనే. ఆయన చాలాకాలం తర్వాత రాసిన పెద్ద వైద్యగ్రంథం చేతి యాంత్రికశాస్త్రం మీద. 1985లో వచ్చిన ఆ పుస్తకంలో వేళ్ల కీళ్లను తులాదండాల్లా, స్నాయువులను తాళ్లలా కొలుస్తాడు. హస్తవాసి అనే మాట ఇలాంటి మనిషికి సగమే అతుకుతుంది. ఆయన చేతిలో ఉన్నది కొలత.

చెంగల్పట్టు కుష్టు ఆసుపత్రిని అప్పట్లో రాబర్ట్ కాక్రేన్ నడిపేవాడు. వేలూరుకు బ్రాండ్‌ను రప్పించిందీ ఆయనే. 1947లో ఒకరోజు బ్రాండ్ అక్కడికి వెళ్లి, వేళ్లు కొంకర్లు పోయిన చేతులు వరసగా చూశాడు. వీటిని ఎముకల డాక్టర్లు ఏం చేస్తున్నారని అడిగాడు. ఇంతవరకు ఒక్కరూ ఇటు తొంగిచూడలేదన్నాడు కాక్రేన్. బ్రాండ్ ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టు ఉండదనుకున్నాడు. ఆ మనిషి గోళ్లు కండలో దిగేంత గట్టిగా పట్టాడు. ఎంత గట్టిగా పట్టాడో పట్టినవాడికి తెలియలేదు.

పేరు పలకడానికి జంకి మన పెద్దలు పెద్దరోగం అన్న జబ్బు అది. 1873లో నార్వేలో హాన్సెన్ దాని క్రిమిని కనిపెట్టాడు. అయినా మాంసం దానంతటదే కుళ్లి వేళ్లు రాలిపోతాయన్న నమ్మకం డాక్టర్లలో కూడా పోలేదు. బ్రాండ్‌కు ఆ పట్టులో రెండు సంగతులు దొరికాయి. కండ బతికే ఉంది. స్పర్శ పోయింది. ఆ క్రిమి ఒంట్లో చల్లటి చోట్లు వెతుక్కుంటుంది. నరం చర్మానికి దగ్గరగా వచ్చే మోచెయ్యి, మణికట్టు, చీలమండ దగ్గర చేరుతుంది. అక్కడ నరం వాచి నలిగితే కిందికి పోవలసిన కబురు ఆగిపోతుంది. ఆపైన చీలిపోయిన కొమ్మలకు ఏమీ కాదు. అందుకే ముంజేతి కండలు దిట్టంగా ఉంటాయి, అరచేతిలోని చిన్న కండలు చచ్చుబడతాయి. ఒకవైపు లాగుడు మిగిలి రెండోవైపు ఆపే బలం పోతే వేళ్లు ముడుచుకోక ఏంచేస్తాయి?

కాబట్టి బలం ఉన్న చోటి నుంచి లేని చోటికి తేవాలి. పోలియో, గాయాల చేతుల కోసం అమెరికాలో స్టెర్లింగ్ బనెల్ వంటి సర్జన్లు వాడిన పద్ధతిని బ్రాండ్ కుష్టు చేతికి తగ్గట్టు మార్చాడు. మణికట్టును ఎత్తే కండల్లో ఒకదాని స్నాయువుకు వేరేచోటి నుంచి తెచ్చిన స్నాయువును నాలుగు తోకలుగా అతికి, నాలుగు వేళ్లకూ కట్టాడు. బ్రాండ్ పేరుతోనే ఆ పద్ధతి నేటికీ పుస్తకాల్లో ఉంది. అయితే కుట్లు విప్పిన రోజున చెయ్యి బాగుపడదు. మణికట్టును ఎత్తడం తప్ప ఇంకేదీ ఎరగని కండ ఇప్పుడు వేలిని సరిచేయాలి. ఒకటి తలుచుకుంటే ఇంకొకటి కదులుతుంది. రోజుల తరబడి వ్యాయామం చేసి ఆ కొత్త దారిని రోగే తన మెదడుకు నేర్పాలి. సర్జన్ చెయ్యి రెండు మూడు గంటల్లో తన పని ముగించుకుంటుంది. తర్వాత నెలలపాటు పనిచేసేది రోగి చెయ్యి.

హస్తవాసి మీద నాకున్న ఫిర్యాదు ఇక్కడే. ఆ మాటలో రోగికి చెయ్యే లేదు. పడుకుని ఉంటాడు, డాక్టరు చెయ్యి తగులుతుంది, లేస్తాడు. కడుపు కోతకు, పేగు కోతకు అది కొంత నిజం కావచ్చు. చేతి కోతకు పనికిరాదు. కన్నడ చెవితో వింటే మాత్రం ఇదే మాట తిరగబడుతుంది. కై వాసి ఆయ్తు అంటే చెయ్యి నయమైందని. అప్పుడు హస్తం రోగిది, వాసీ రోగిదే. సరిహద్దు పల్లెలో రెండర్థాలూ ఒకే నోట పలకవచ్చు. సమాసాన్ని హస్తం వల్ల వాసి అని విడదీస్తే డాక్టరు కనబడతాడు, హస్తానికి వాసి అని విడదీస్తే రోగి కనబడతాడు. పంచమికీ షష్ఠికీ మధ్య ఇంత దూరం ఉంటుందని బళ్లో విభక్తులు వల్లించినప్పుడు ఎవరికి తెలుసు?

ఇక స్పర్శ సంగతి. వేళ్లు రాలిపోవడం లేదు, పోగొట్టుకుంటున్నారు అని బ్రాండ్ బృందం పట్టుకుంది. ఒకరోజు తుప్పుపట్టిన తాళం ఆయనకు తిరగలేదు. ఒక కుష్టు కుర్రవాడు వచ్చి ఇట్టే తిప్పేశాడు. చూస్తే వేలు ఎముక దాకా తెగి నెత్తురు కారుతోంది. ఆ పిల్లవాడికి తెలియనే తెలియదు. అక్కడి నుంచి ప్రతి పుండుకూ కారణం వెతికారు. కాగుతున్న గిన్నెను ఉత్త చేత్తో దించడం, సుత్తి పిడిలోని చీలిక, చెప్పులోని మేకు. కొందరికి రాత్రి పడుకునేటప్పుడున్న వేలు కొస పొద్దునకు ఉండేది కాదు. కాపలా కూచుని చూస్తే ఎలుకలు. అప్పటినుంచి ఇంటికి పోయే రోగులకు పిల్లినిచ్చి పంపేవాళ్లు. వైద్యచరిత్రలో ఇంత చవకైన మందు ఇంకొకటి నాకు తెలియదు.

నొప్పి విషయంలో తెలుగు మహా సంపన్నమైన భాష. పోటు, సలుపు, మంట, తీపులు, కుట్టు, మెలిపెట్టడం, గుంజడం, జివ్వుమనడం. పన్నుకు ఒక మాట, నడుముకు ఒక మాట. నొప్పి లేకపోవడానికి వచ్చేసరికి మాత్రం దరిద్రం. తిమ్మిరి అంటే కాసేపుండి పోయేది. మొద్దుబారడం అంటే సగం తిట్టు. కష్టం తెలియని స్థితికి పేరు పెట్టవలసిన అవసరం భాషకు కలగలేదేమో. చివరికి ఆరోగ్య కార్యకర్తలు "స్పర్శ లేని మచ్చ" అనే మూడు ముక్కల మాటతో పల్లెలు తిరిగారు. 2017 నుంచి ప్రభుత్వం నడిపే కుష్టు అవగాహన కార్యక్రమం పేరు కూడా స్పర్శే.

ఆ లేమి ఎంత భయంకరమో బ్రాండ్‌కు ఒక రాత్రి అనుభవమైంది. దూరప్రయాణం చేసి ఇంగ్లండులో గదికి చేరి, మేజోళ్లు విప్పుతుంటే మడమలో స్పర్శ తెలియలేదు. సూది గుచ్చుకున్నాడు. నొప్పి లేదు. తనకూ అంటుకుందని ఖాయం చేసుకుని, భార్యకు ఏం చెప్పాలి, పిల్లలకు దూరంగా ఎక్కడుండాలి అని తెల్లవార్లూ ఆలోచించాడు. పొద్దున లేచి మళ్లీ గుచ్చుకుంటే "అబ్బా" అన్నాడు. రైల్లో గంటల తరబడి కదలకుండా కూచోవడం వల్ల నరం నొక్కుకుపోయింది, అంతే. బాధ కలిగినందుకు అంత సంతోషించిన మనిషి దాని మీద తర్వాత ఒక పుస్తకమే రాశాడు. 1993లో ఫిలిప్ యాన్సీతో కలిసి రాసిన ఆ పుస్తకంలో నొప్పిని ఎవరూ కోరని కానుక అన్నాడు.

బిరుదుల పట్టిక త్వరగా చెప్పేస్తాను. లండన్ రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్‌లో 1952లో హంటేరియన్ ప్రొఫెసరుగా కుష్టు చేతుల మీద ఉపన్యాసం, 1960లో లాస్కర్ పురస్కారం, 1961లో బ్రిటిష్ రాణి ఇచ్చిన సి.బి.ఇ. 1966లో అమెరికాలోని లూసియానాకు, కార్విల్ కుష్టు ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ చేసిన పని షుగరు రోగుల పాదాలకూ అక్కరకొచ్చింది, వాళ్లదీ స్పర్శ పోయిన కాలే కదా. 2003 జులై 8న సియాటిల్‌లో పోయాడు. తల్లి ఎవెలిన్ ముసలితనంలోనూ తమిళ కొండలు వదల్లేదు, 1974లో పోయేదాకా అక్కడే తిరిగింది. వేలూరులో ఆయన దగ్గర పనిచేసిన మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూచునే కుష్టు చేతులకు ఆపరేషన్లు చేసింది. ఆమెది ఎవరి హస్తవాసి అనాలి?

అన్నిటికన్నా నాకు గుచ్చుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆపరేషన్ చేయించుకుని వేళ్లు సాపై ఇల్లు చేరిన కొందరు తిరిగొచ్చారు. ఈ చేతులు అడుక్కోవడానికి పనికిరావడం లేదన్నారు. కొంకర్ల చెయ్యి చాపితే డబ్బులు పడేవి. ఇప్పుడు ఎవరూ వేయడం లేదు. పనికి పోదామంటే మచ్చల మొహం చూసి ఎవరూ పిలవడం లేదు. బస్సు ఎక్కనివ్వడం లేదు, అద్దెకు ఇల్లు ఇవ్వడం లేదు. సర్జన్ లెక్కలో అది నూటికి నూరుపాళ్లు వాసి. వాళ్ల పొయ్యి లెక్కలో నష్టం. బ్రాండ్ ఈ మాటను నవ్వి తోసేయలేదు. 1951లో వేలూరు ఆవరణలో మట్టి గుడిసెలతో నవజీవ నిలయం లేచింది. ఆపరేషన్ అయినవాళ్లు అక్కడే ఉండి, బాగుపడిన చేతులతో, స్పర్శ లేకపోయినా దెబ్బ తగలకుండా, బొమ్మలు చెక్కడం, చెక్క పని నేర్చుకున్నారు. నేర్పినవాళ్లలో పాత వడ్రంగి బ్రాండ్ కూడా ఉన్నాడు. వేలూరుకు దగ్గర్లోని కరిగిరిలో 1955లో కుష్టు పరిశోధనాలయం వచ్చాక మెత్తటి రబ్బరు చెప్పుల పనీ అక్కడ సాగింది.

ఇలాంటి పనిని మనం పునరావాసం అంటున్నాం. హస్తవాసిలో లేని సంస్కృత వాసం ఇక్కడ నిజంగానే ఉంది. పునః ఆవాసం, మళ్లీ ఇల్లు. ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. చెయ్యి పోయి చెయ్యి వచ్చినవాడికి ఇల్లు అనే మాట ఎందుకని, అది పొరపాటు అనువాదమని భాషావేత్తలు విసుక్కుంటారు. మామూలు వైకల్యాల విషయంలో వాళ్ల విసుగు సబబే. పెద్దరోగం వచ్చినవాణ్ణి మాత్రం మనం మొదట పంపేసింది ఇంట్లోంచే. ఊరి చివర పాకలోకి, తర్వాత రైల్వే స్టేషను మెట్ల మీదికి. చెయ్యి ఆ తర్వాతే పోయింది. 1981లో బహుళ ఔషధ చికిత్స వచ్చింది. 2005 ఆఖరుకు దేశంలో జబ్బు పదివేలకు ఒకరికన్నా తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది. మందు పూర్తిగా వాడి, క్రిమి ఒంట్లో లేదని తేలినవాళ్లు కూడా ఇప్పటికీ కొన్నిచోట్ల కుష్టు కాలనీల్లోనే కాపురముంటున్నారు.